ఊక పొయ్యి ఆర్పించాను

జూన్ 11
చాక్లెట్ కంపెనీ నుంచి కోకో లోడు వెనక్కి వచ్చేసింది. గింజల్లో పొగ వాసనట. ఓనరు గారు గుప్పెడు తీసి వాసన చూసి నాకిచ్చారు. షెడ్డులో గింజల తేమ చూసేది నేనే... నాకే తెలియలేదు. ఇంట్లో నాన్న చొక్కాలకు ఎప్పుడూ ఉండే వాసనే అది.

జూన్ 14
వాన. ఎండబెట్టే వీల్లేదు. గింజలన్నీ ఊక పొయ్యి వేడి మీదే. ఇరవై రెండేళ్లుగా ఆ పొయ్యి చూసేది నాన్న. క్యారేజీ ఇద్దామని వెళితే గోడ పట్టుకుని దగ్గుతున్నాడు. ఉమ్మిలో ఎర్రగా... కాలితో బూడిద కప్పేశాడు.
"అమ్మకి చెప్పకే."

జూన్ 16
ఏలూరులో డాక్టరు గారు - "పొగకి దూరంగా ఉండాలండీ."
తిరుగు బస్సులో నాన్న - "పొగ లేని పొయ్యి ఎక్కడుంటుందే?"

జూన్ 20
ఓనరు గారికి హీట్ పంపు డ్రయ్యరు గురించి చెప్పాను. మూసిన గది. గింజల తడి పట్టిన గాలిని యంత్రం లాక్కుని, ఆ తడిని నీరుగా బయటకు వదిలేసి, అదే గాలిని వేడిచేసి మళ్ళీ గింజలకే పంపుతుంది. మామూలు హీటర్లకంటే కరెంటు బాగా తక్కువ. పొగ ఉండదు. ఆ మాట రెండుసార్లు అన్నాను. గింజల కోసమే అనుకున్నారాయన.

జూలై 30
మొదటి వాయి దిగింది. పొగ వాసన లేదు. నాన్న గింజ కొరికి "బాగుంది" అన్నాడు. పైపులోంచి కారే నీటికింద చెయ్యి పట్టాడు. చాలాసేపు.

ఆగస్టు 2
పొయ్యి పగలగొట్టేశారు. నాన్న ఇక రానక్కర్లేదట.
ఓనరు గారు - "యంత్రం దగ్గర ఆయనకి పనేముందమ్మా? విశ్రాంతి తీసుకోమనండి."
ట్రేలు సర్దే పనైనా ఇవ్వండన్నాను. దానికి ఆడవాళ్లున్నారట. డ్రయ్యరు బాధ్యత మాత్రం నాదేనట. సరేనండీ అన్నాను. ఎందుకన్నాను?

ఆగస్టు 3
నాన్న మాట్లాడడం లేదు.

ఆగస్టు 9
అమ్మ - "ఆ యంత్రం నువ్వే తెప్పించేవంట కదే?"
అంతా చెప్పేశాను. ఎర్రగా పడిందీ చెప్పాను. అమ్మ చేట దించలేదు. బియ్యంలో రాళ్లు ఏరుతూనే ఉంది.
"నాకు తెలుసు. ఆ తువ్వాళ్లు ఉతికేది నేనే కదే."

ఆగస్టు 10
"నీ కోసమే నాన్నా..."
"నన్నడిగేవా?"
అంతే. అరుగు మీదికి వెళ్లి కూర్చున్నాడు.

ఆగస్టు 26
వారంగా మొదటి బస్సుకి వెళుతున్నాడు. ఎక్కడికో చెప్పడు. ఇవాళ వెనకాలే వెళ్లాను. తణుకు అవతల రైసు మిల్లు. బాయిలరు నోట్లోకి ఊక ఎగదోస్తున్నాడు. "మేస్త్రీ గారూ" అని ఎవరో పిలిస్తే నవ్వాడు. ఈ మధ్య ఆ నవ్వు చూడలేదు. నవ్వు దగ్గులోకి తిరిగింది. వంగిపోయాడు. లేచి మళ్ళీ పార అందుకున్నాడు.
గేటు దగ్గరనుంచే వచ్చేశాను.

ఆగస్టు 27
గేటు బోర్డు మీద మేనేజరు గారి నంబరు ఉంది. రాసుకొచ్చాను. జబ్బు సంగతి ఒక్క ముక్క చెబితే చాలు, రేపే మాన్పించేస్తారు.
ఆ తర్వాత నాన్న?
చెప్పకపోతే?

ఆగస్టు 29
ఫోను చేశాను.
"ఎవరండీ మాట్లాడేది?"
పెట్టేశాను. రెండు నిమిషాలకి వాళ్లే చేశారు. మోగుతోంది...