మడవకూడని దుప్పటి

శుక్రవారం, దీపాలు వెలిగే వేళ

తమ్ముడికి,

అక్క ఆశీస్సులు. నువ్వు చల్లగా ఉండాలని ఇప్పుడే దేవుడికి చెప్పుకుని వచ్చి కూర్చున్నాను. కోపంలో రాయకూడదని ఇంతసేపూ ఆగాను.

ఆ సోమవారం పొద్దున గుర్తుందా? చినుకులు పడుతున్నాయి. దుప్పటి బిగించే చోటికి వెళ్తున్నాం, వర్క్‌షాపు జీపులో ముందు నువ్వు, వెనక నేనూ చెల్లీ. అది తడి జుట్టు విదిలిస్తుంటే, ఈ ఇంజినీరు గారి మీద వాన కురిపించకే అని కసిరావు. ఇంజినీరు గారికి గొడుగు పట్టేవాళ్ళు కూడా కావాలి కాబోలు అని అది వెక్కిరించింది. నీ ఒళ్ళో అట్టపెట్టె ఉంది. దుప్పటి ఏదిరా అని అడిగాను. పలక మీద పరిచి ముందే వ్యానులో పంపేశానక్కా, ఇందులో ఉన్నవి కత్తిరించిన ముక్కలు అన్నావు. నమ్మాను. నిన్ను అనుమానించడం నాకెప్పుడూ అలవాటు లేదు.

సిరామిక్ దారం నేసేది నేను, పొరలు కలిపి కుట్టేది చెల్లి, కొలిమిలో కాల్చి బిగించే చోటికి చేర్చేది నువ్వు. మనుషులతో ఆకాశం నుంచి దిగే నౌక ముక్కుకి ఆ దుప్పటే కవచం. నిప్పును ఆపాలి, లోపలివాళ్ళ మాటను మోసే రేడియో తరంగాలను మాత్రం పోనివ్వాలి. నేతకోసం దారానికి పట్టించిన గంజి కొలిమిలో కాలిపోయాక దుప్పటి ఎండుటాకంత పెళుసు. ఇక మడవకూడదు. ఈ నియమం మాకు నేర్పింది నువ్వే.

తనిఖీలో పగుళ్ళు తేలాయి. కుట్టు బిగించి లాగడం వల్లే అని పెద్దింజినీరుకి చెప్పి, నువ్వు ప్రయోగ కేంద్రానికి వెళ్ళిపోయావు. చెల్లిని సూది ముట్టుకోవద్దన్నారు. అప్పట్నుంచి గోదాములో డబ్బాలు తుడుస్తోంది.

నిన్న అడిగి ఆ దుప్పటిని చూశాను. కుట్లు చెక్కుచెదరలేదు. పగుళ్ళు వాటికి అడ్డంగా, ఇస్త్రీ మడతల్లా తిన్నగా ఉన్నాయి. వ్యాను డ్రైవర్ని కదిపితే, ఆ రోజు బండి పాడై షెడ్డులోనే ఉందమ్మా అన్నాడు.

వ్యాను లేక, తొందరలో దుప్పటిని మడిచి ఆ అట్టపెట్టెలో పెట్టావు. అది పొరపాటు. అంతవరకైతే నీ పక్కన నిలబడేదాన్ని. నువ్వు చెల్లి చేతిపని మీద నింద వేశావు. నీ చొక్కా గుండీలు కుట్టిన చేయిరా అది.

ఈ సాయంత్రం అమ్మా, మీ బావా, నేనూ కూర్చున్నాం. కొడుకు కదా, అమ్మ వెనకేసుకొస్తుందేమో అనుకున్నాను. వాడు వచ్చి వాడి నోటితోనే చెప్పాలి, అది మాత్రం నా కూతురు కాదా అంది. ఈ ఉత్తరం రేపు మీ బావ స్వయంగా తెచ్చిస్తారు. వచ్చే సోమవారం అందరం పెద్దింజినీరు దగ్గరికి వెళ్తున్నాం. నువ్వు వస్తే నువ్వే మాట్లాడతావు. రాకపోతే నేను మాట్లాడతాను.

నీ కోసం ప్రార్థిస్తూ,
అక్క

తా.క.: చెల్లిని నిలదీశాను. బిగించే ముందు తడిమి చూసి, పగుళ్ళున్నాయని తనిఖీవాళ్ళకు చెప్పింది అదేనట. మడత వల్లేనని, మడిచింది నువ్వేనని దానికి అప్పుడే తెలుసట. మరి నోరు విప్పలేదేమే అంటే, అన్నయ్య తనే చెబుతాడనుకున్నానక్కా అంది.

చెప్పావు. దాని పేరు.