ఆ కుర్చీలో నాలుగు సెకన్లు

ఫిబ్రవరి 3, శనివారం

మీరు సినిమా చూడరు. చూశామని అబద్ధం చెబుతారు. హీరో ముఖం చూసి, హీరోయిన్ నడక చూసి, చేతులు దులుపుకుని ఇంటికి పోతారు. వాళ్ళ వెనకాల ఎంగిలి గ్లాసులు ఏరుకుపోతున్న మనిషిని మీలో ఒక్కరైనా చూశారా? లేదు. ఇది ఎవరూ చదవకూడదనే రాసుకుంటున్నాను. అయినా చదువుతున్నది ఎవరైనా సరే, ఈ నేరం మీది కూడా.

ఇరవై రెండేళ్ళుగా నేను ఈ ఒక్క మాటే రాస్తున్నాను. కాలమ్‌లో, కరపత్రాల్లో, ఎడిటర్లకు ఉత్తరాల్లో. దీనివల్ల ఒక ఉద్యోగం పోయింది, ముగ్గురు స్నేహితులు పోయారు. దానికేం బాధ లేదు.

ఇవాళ్టి బాధ వేరు. మా ఫిల్మ్ సొసైటీలో ఒక పద్ధతి ఉంది. శనివారం మధ్యాహ్నం సినిమా వేస్తారు. అయ్యాక బయట బల్లల దగ్గర కూర్చుని, టీ తాగుతూ, కంట్లో మిగిలిపోయిన ఒక్క సీను పోస్టుకార్డంత అట్టముక్క మీద గీయాలి. సంతకం పెట్టకూడదు. గోడకు కట్టిన తాడుకి బట్టల క్లిప్పుతో తగిలించాలి. ప్రొజెక్టర్ ఆపరేటర్ పైనుంచి దిగి వచ్చి అన్నీ చూసి, ఒకటి తీసి టికెట్ కిటికీ పక్కన అద్దాల పెట్టెలో పెడతాడు. వారమంతా అదే ఉంటుంది. ఇన్నేళ్ళలో ఆ పెట్టెలో ఎక్కువసార్లు నిలబడింది నా బొమ్మే. ఎన్నిసార్లో లెక్కపెట్టలేదు. (అబద్ధం. పెట్టాను.)

ఇవాళ కూడా మా తోడికోడలి బొమ్మే పెట్టాడు. వరసగా అయిదో వారం.

ఫిబ్రవరి 4

ఆమెను తీసుకొచ్చింది నేనే. ఇంకెవరైనా తెచ్చి ఉంటే హాయిగా వాళ్ళని తిట్టుకునేదాన్ని.

మా మరిది భార్య. వీధి మలుపులో టైలరింగ్ షాపు, రెండు మిషన్లు, ఒక ఇస్త్రీ బల్ల. పొద్దున్న ఎనిమిదికి కూర్చుంటే నడుం ఎత్తదు. శ్రామిక స్త్రీకి తీరిక కూడా హక్కేనని గంటసేపు ఉపన్యాసం ఇచ్చాను. అంతా విని, నోట్లో పిన్నులు తీసి, చీకట్లో నిద్రపోతే ఎవరూ ఏమీ అనరు కదక్కా, అయితే వస్తాలే అంది. మొదటి వారం నిజంగానే నిద్రపోయింది. గురక కూడా పెట్టింది. నాకు ఎంత ముద్దొచ్చిందో!

రెండో వారం గీసింది. గుడ్డ మీద గుర్తులు పెట్టే పెన్సిలుతో, చెయ్యి ఎత్తకుండా, కత్తెరతో కత్తిరించినట్టు ఒకే గీత. జైలు సినిమా అది. మేమంతా ఖైదీ కళ్ళు గీశాం. ఆమె వార్డరు చొక్కా చేతిని గీసింది. రెండు బొత్తాలు ఉన్నాయి, మూడోది లేదు. దాని స్థానంలో దారప్పోగు వేలాడుతోంది. అంతే. వార్డరుకి ఇంట్లో ఎవరూ లేరని, లేదా ఉన్నా పలకరించరని, ఆ పోగు చెప్పేసింది. నేను ఆ సినిమా మీద రెండు పేజీలు రాశాను. వార్డరు ఊసే ఎత్తలేదు.

ఫిబ్రవరి 7

ప్రెస్సు నుంచి ప్రూఫులు వచ్చాయి. నా వ్యాసాల పుస్తకం. పేరు ‘నాలుగు సెకన్లు’. అట్ట మీద నేను గీసిన బొమ్మే.

ఆ నాలుగు సెకన్ల గురించి ఇక్కడ రాసిపెట్టుకోవాలి. నేను ఇరవై తొమ్మిదేళ్ళప్పుడు చూసిన పాత నలుపు తెలుపు విదేశీ సినిమా. జడ్జిగారింట్లో విందు. అతిథులు వెళ్ళిపోతారు. హాలు ఖాళీ. పనిమనిషి ఒక్కతే వస్తుంది. జడ్జిగారి పెద్ద కుర్చీ దగ్గర ఆగుతుంది. అందులో కూర్చుంటుంది. నాలుగే సెకన్లు. లేచి పోతుంది. కథకి అవసరం లేదు, ఎవరూ ఆ మాటే ఎత్తరు. నేను ఎత్తాను. సినిమా మొత్తంలో విప్లవం ఆ నాలుగు సెకన్లేనని రాశాను. ఆ వ్యాసం తొమ్మిది చోట్ల అచ్చయింది. కాలేజీల్లో చదివారు. నన్ను ‘నాలుగు సెకన్ల మేడమ్’ అనేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు.

నాకు ఇష్టమైన సీన్లన్నీ ఇలాంటివే. పెళ్ళిలో ఫొటో దిగుతుంటే పక్కకు తప్పుకునే వంటవాడు. యుద్ధం సినిమాలో జనరల్ బూట్లకు లేసు కట్టే వేళ్ళు. ముద్దుసీను వెనక కిటికీ తుడుస్తున్న ముసలాయన. అన్నీ గీశాను. మూడు ఆల్బములు. కానీ వాటన్నిటికీ తల్లి ఆ కుర్చీ సీను.

ఫిబ్రవరి 10, శనివారం

ఆపరేటర్ నన్ను పక్కకి పిలిచి గుసగుసగా చెప్పాడు. ఆ సినిమా ప్రింటు దొరికింది మేడమ్, మూతపడిన ఓ హాలు గోడౌన్లో, తడి పట్టలేదు, ఇరవై నాలుగో తారీకున వేద్దాం, మీ పుస్తకానికి శకునం బాగుంది అన్నాడు. శకునాలు నమ్మనని అతనికి తెలుసు. ఏడిపించడానికే అంటాడు. నా కళ్ళు తడిశాయి. చూసి, తడి ప్రింటుకి పట్టలేదు గానీ మీకు పట్టిందే అన్నాడు.

పెట్టెలో ఆరో వారం కూడా ఆమె బొమ్మే.

ఫిబ్రవరి 11

కుళ్ళుకి పొద్దూ సాయంత్రం తేడా ఉండదు.

ఫిబ్రవరి 18

నిన్న ఇంటికి వస్తూ మా ఆయన అడిగాడు. ఏమోయ్, చిన్నదాని బొమ్మ చూశావా, ఆ అమ్మాయికి ఎక్కడినుంచి వచ్చింది ఇంత చూపు అని. వీధి చివరిదాకా నడిచి, కష్టజీవులకు సహజంగా ఉండే పరిశీలన అది అన్నాను. మా ఆయన నవ్వాడు. అలాగా, మరి నీ మొహం అలా మాడిపోయిందేం అన్నాడు.

తమ్ముడి భార్య కాబట్టి ఆమె తరఫున మాట్లాడతాడు. సరే. కానీ ఇరవై నాలుగేళ్ళ కాపురంలో నా బొమ్మ చూసి చూపు అనే మాట ఎప్పుడైనా అన్నాడా? బాగుంది అనేవాడు. కూర బాగుంది అన్నట్టు.

ఫిబ్రవరి 24, శనివారం, సాయంత్రం 6

ఇప్పుడే రాసిపెట్టాలి.

హాలు నిండింది. నా కోసమే వచ్చారు చాలామంది. తోడికోడలు నా ఎడమ పక్క కూర్చుంది. విందు సీను మొదలైనప్పటినుంచీ నేను తెర మీద సగం, ఆమె ఒళ్ళో సగం. చీకట్లోనే గుర్తులు పెట్టుకోవడం ఆమె అలవాటు. పెన్సిలు తీస్తుందా, ఏం పట్టుకుంటుంది, నా సీను జోలికి వస్తుందా? అతిథులు వెళ్ళారు. హాలు ఖాళీ అయింది. సరిగ్గా అప్పుడు ఆమె చెయ్యి కదిలింది. తెర వైపు చూడకుండా ఆ చేతినే చూశాను. తెర చూడాల్సిన పనేముంది? నాకు కంఠతా వచ్చిన సీను.

బయటికి వచ్చి ఎప్పటిలాగే గీశాను. కుర్చీ, అందులో కూర్చున్న మనిషి. చెయ్యి తనంతట తానే గీసేసింది. తగిలించాక పక్క కార్డు చూశాను. ఆమె గీసిన మనిషి కూర్చోలేదు. కుర్చీ వెనక నిలబడి ఉంది. మనకు వీపు చూపిస్తూ. గౌను వెనక, మెడ కింది నుంచి నడుం దాకా, అయిదు చిన్న అడ్డగీతలు.

నా ప్రాణం లేచొచ్చింది. తప్పు గీసింది! ఏడు వారాల తర్వాత ఒక్క తప్పు! ఇదేమిటమ్మాయ్, కూర్చున్న మనిషిని నిలబెట్టావు అని అందరికీ వినపడేలా అన్నాను. ఆమె తెల్లబోయి, కూర్చోలేదు కదక్కా అంది. రిటైరైన నర్సు ఒకావిడ మాకు పాత మెంబరు, టీ ఊదుకుంటూ, అవునమ్మా, కూర్చోలేదు, దిండు దులిపి వెళ్ళిపోయింది, నేనూ నీ వ్యాసం తలుచుకుని ఇప్పుడు కూర్చుంటుంది ఇప్పుడు కూర్చుంటుందనే చూశాను అంది. ఇంకో ఇద్దరు తలలూపారు. ఎవరూ వెటకారంగా అనలేదు. అదే చంపేసింది.

కాపీ తేడాలు ఉంటాయి, ఈ ప్రింటులో కోసేశారు, సెన్సారు ఎప్పుడూ ఇలాంటివే కోస్తుంది అని గట్టిగా వాదించాను. నేను వాదిస్తే ఎవరూ ఎదురు మాట్లాడరు. అందరూ హాలు వాకిట్లోకి వెళ్ళాక ఆ కార్డు క్లిప్పులోంచి లాగి సంచీలో వేసుకున్నాను.

ఆపరేటర్ దిగి వచ్చాడు. ఒక క్లిప్పు ఖాళీగా ఉందేం అన్నాడు. నేను సంచీ చంకలో పెట్టుకున్నాను. పెట్టెలో నా బొమ్మ పెట్టాడు.

ఫిబ్రవరి 25

షాపుకి వెళ్ళాను. ఆ అయిదు గీతలేమిటో తెలుసుకోవాలి. నిద్ర పట్టడం లేదు.

ఆమె మిషన్ ఆపకుండానే చెప్పింది. పిన్నులక్కా. ఆ గౌను ఆమెది కాదు. ఎవరో లావుపాటి మనిషికి కుట్టింది. వెనక మడత పెట్టి అయిదు పిన్నులు గుచ్చేశారు, ముందు నుంచి చూస్తే అతికినట్టు ఉంటుంది. వెనక్కి తిరిగినప్పుడు మెరిశాయి, చూళ్ళేదా? అలా పిన్నులు పెట్టుకుని ఎవరైనా కూర్చుంటారా, వీపులో దిగవూ? పాపం ఆ అమ్మాయి సినిమా అంతా వంగకుండానే నడిచింది, గమనించు కావాలంటే అంది.

పెద్ద పాత్రల వాళ్ళకి కొలతలు తీసి కుట్టారు. పనిమనిషి వేషానికి ఎవరిదో గౌను తగిలించారు. కుర్చీ ఎదురుగా ఉన్నా కూర్చునే వీలు లేని బట్టలు. నేను కథలో వెతికిన అన్యాయం ఆ షూటింగులోనే ఉంది, తెర మీద అయిదుసార్లు మెరిసింది. ఇరవై రెండేళ్ళ నా వాదం కన్నా ఈ వాదం పెద్దది. నిజమైనది. అది మిషన్ తొక్కుతూ, దారం కొరుకుతూ, ఈమె చెప్పేసింది. నాకు సంతోషం వెయ్యాలి. వెయ్యలేదు. లేచి సంచీ భుజాన వేసుకున్నాను.

అన్నట్టు నా బొమ్మ పోయిందటక్కా, ఆపరేటరన్న తెగ బాధపడిపోతున్నాడు, పోతే పోయిందిలే, ఇంకోటి గీస్తే సరి అంది. తర్వాత నా సంచీ చూసి, అయ్యో జిప్పు ఊడిపోయిందే, ఇలా తే, రెండు నిమిషాల్లో వేసిస్తా అని పట్టుకుంది. కార్డు అందులోనే ఉంది. నేను లాగాను. ఆమె లాగింది, నవ్వుతూ. నేను ఇంకా గట్టిగా లాగాను. నవ్వు ఆపి నా మొహంలోకి ఒక్కసారి చూసింది. చెయ్యి వదిలేసింది.

సరేలే అక్కా, తొందరేం లేదు, నీకు ఎప్పుడు కుదిరితే అప్పుడే ఇద్దువుగాని అంది. మళ్ళీ మిషన్ తొక్కింది.

ఫిబ్రవరి 26, ఉదయం 10

ఆపరేటర్ గదికి వెళ్ళాను. ఆ రీలు తీయించాను. కోసేసి ఉంటే అతుకు ఉండాలి. అతను కళ్ళు మూసుకుని ఫిల్ము అంచుని బొటనవేలి మీదుగా జార్చుకుంటూ వెళ్ళాడు. అతుకు వేలికి తగులుతుందట. విందు మొదటి నుంచి తెల్లారే సీను దాకా జార్చాడు. ఒక్క అతుకు లేదు మేడమ్, వెన్నలా పోతోంది అన్నాడు.

లైటు బల్ల మీద పెట్టి నేనే చూశాను. ఒక్కో ఫ్రేమూ. ఆమె వస్తుంది. దిండు దులుపుతుంది. కుర్చీ చేతి మీద చెయ్యి వేస్తుంది. ఆగుతుంది. నాలుగు సెకన్లు ఆగిన మాట నిజమే, తొంభై ఆరు ఫ్రేములు. వాటిలో ఒక్కదాంట్లో కూడా కూర్చోలేదు.

కూర్చోబెట్టింది నేను. మొదటిసారి చూసి వచ్చిన రోజు గీసిన బొమ్మలో. తర్వాత ఇన్నేళ్ళూ సినిమా గుర్తు చేసుకున్నాననుకున్నాను. నా బొమ్మనే గుర్తు చేసుకున్నాను.

రీలు ఆపరేటర్‌కి ఇచ్చేశాను. పోతుంటే అతను, ఆ క్లిప్పు ఖాళీగానే ఉంచానన్నాడు.

ఫిబ్రవరి 27

ప్రెస్సాయన ఫోన్. శుక్రవారం మిషనెక్కిస్తున్నాం, ఇంకేమైనా దిద్దుబాట్లుంటే ఇప్పుడే చెప్పండి, ఎక్కాక నా మీద అరిస్తే లాభం లేదు అన్నాడు. ఏమీ లేవన్నాను.

ఎవరికి తెలుస్తుంది? ఆ సినిమా చూసినవాళ్ళు నలభై మంది. ప్రింటు తిరిగి గోడౌన్‌కి పోతుంది. ‘పనిమనిషి కూర్చోవాలి’ అన్న వాదం మాత్రం నిజమే కదా? కూర్చోకపోతే ఇంకా నిజం కదా? ఇలా రాత్రి దాకా నాతో నేనే వాదించుకున్నాను. నేను వాదిస్తే ఎవరూ ఎదురు మాట్లాడరు.

ఫిబ్రవరి 28

పిన్నుల గురించి కొత్త వ్యాసం మొదలుపెట్టాను. మూడు పేజీలు పరుగెత్తాయి. చాలా బాగా వచ్చాయి. ఇన్నేళ్ళలో ఇంత బాగా ఎప్పుడూ రాలేదు. ‘నేను గమనించాను’ అని ఉంది మొదటి వాక్యంలో.

మా ఆయనకి వినిపించాను. అంతా విని, ఇది నువ్వెప్పుడు చూశావు అని అడిగాడు. అంతే అడిగాడు. లేచి వెళ్ళి పళ్ళెం కడుక్కున్నాడు.

కాగితాలు చింపేశాను. చించుతుంటే కూడా, ఎంత బాగా రాశానో అనే అనిపించింది.

మార్చి 1, శుక్రవారం

ప్రెస్సుకి వెళ్ళాను. మిషన్ దగ్గర నిలబడి ఆపించాను. ఆయన అరిచాడు. నేనూ అరిచాను. ఇద్దరం అలిసిపోయి టీ తాగాం. అట్ట మీద ఏం వెయ్యమంటారు మరి అన్నాడు. తెలియదన్నాను.

మార్చి 2, శనివారం, మధ్యాహ్నం 2

కమిటీకి. తాడుకి తగిలించడానికి.

1. ఇరవై నాలుగున మాయమైన కార్డు నేనే తీశాను. అది దీనితో పాటే ఉంది. కార్డు ఇవాళే అద్దాల పెట్టెలో పెట్టాలి. నాది తీసేయాలి.

2. సంతకం పెట్టకూడదన్న నియమం రద్దు చెయ్యాలి. పేరు లేని పనిని ఎవరైనా కాజెయ్యొచ్చు.

3. ఆ సినిమా తిరిగి పంపేముందు ఇంకోసారి వెయ్యాలి. నా ఎడమ పక్క సీటు ఖాళీగా ఉంచాలి. ఈసారి నేను తెరే చూడాలి.

4. నా ‘నాలుగు సెకన్లు’ వ్యాసాన్ని ఎవరూ ఎక్కడా ఎత్తి రాయకూడదు, పిల్లలకు చదివించకూడదు.

5. పిన్నుల సంగతి చూసింది మా తోడికోడలు. ఆమె చెబుతుంటే రాసిపెట్టడానికి ఎవరినైనా పెట్టాలి. నన్ను పెట్టకూడదు.

6. ఇది చదివి నాది పెద్ద మనసని ఎవరూ అనకూడదు.