సుజక్కా, నీ హెడర్ ఫైలు మార్చాను

సుజక్కా,

బాగున్నావా అని రాయబోయి ఆగాను. నువ్వు పోయి పదకొండు నెలలైంది. ఇక్కడ నీలం నగర్‌లో అందరం ఉన్నాం. అమ్మ మళ్లీ బీడీలు చుడుతోంది. బాపు కార్ఖానాకు పోయి మగ్గం అట్టలకు చిల్లులు కొడుతున్నాడు. అక్కడి ఆఫీసులో నీ కుర్చీలో ఇప్పుడు నేను కూర్చుంటున్నాను... నీకు కోపం లేదు కదా?

నీకొక సంగతి చెప్పాలి. కార్ఖానా సేటు కొత్త కంప్యూటర్ తెప్పించాడు. దాన్ని నడిపించేది నీ పాత డాస్ కాదు, యునిక్స్. ఇద్దరు ముగ్గురు ఒకేసారి కూర్చుని డిజైన్లు వేయవచ్చట. చద్దర్ దుప్పటి మీద నేసే బొమ్మను చదివి, జకార్డు అట్టల మీద ఎక్కడెక్కడ చిల్లు పడాలో కాగితం మీద అచ్చు వేసే నీ ప్రోగ్రాం, నీ లైబ్రరీ, ఇక అందులో నడవాలి. పదిహేను రోజులు చూస్తానని, నడవకపోతే పుణె నుంచి వేరేది తెప్పిస్తానని సేటు అన్నాడు. ఆయన్ని తప్పుపట్టలేం. సాంచా మగ్గాలు ఆగకూడదు కదా.

నాలుగేళ్ల నీ పని తీసి పక్కన పడేస్తారంటే నాకు అన్నం సహించలేదు. నేను చేస్తానని చెప్పేశాను. చెప్పాక భయం వేసింది. క్లాసులో నేర్చుకున్న సి భాష ఎంతని... నీ ముందు నాకేం వచ్చు?

ఆస్పత్రిలో, కామెర్లు ముదిరి నీ కళ్లు పచ్చగా అయిన రోజుల్లో, నన్ను దగ్గరికి పిలిచావు. "లల్లీ, ఒక గంట కూసో. లైబ్రరీ ఎట్ల రాసిన్నో చెప్త" అన్నావు. నీకు బాగయ్యాక నేర్చుకుంటానన్నాను. నువ్వు మళ్లీ అడగలేదు. అప్పుడు నేర్చుకుంటే నువ్వు ఇక లేవవని ఒప్పుకున్నట్టే అనిపించిందక్కా. నీకది అర్థమైందా? లేక నాకు ఇష్టం లేదనుకున్నావా?

"ముందుగాల హెడర్ చదువు" అనేదానివి ఎప్పుడూ. అక్కడి నుంచే మొదలుపెట్టాను. ఏందే అది అని అమ్మ అడిగింది. ఏ లెక్కకు ఎంత చోటు కావాలో, ఏ పనిని ఏ పేరుతో పిలవాలో అన్నీ ముందుగా రాసిపెట్టే ఫైలు, దాన్ని చూసుకునే మిగతాదంతా నడుస్తుంది అని చెప్పాను. అక్క రాసిందేనా అంది. అవునన్నాను. మళ్లీ బీడీ చుట్టసాగింది.

మొదటి రోజు తెర నిండా తప్పులే. నువ్వు డాస్ కోసం పిలిచిన ఫైళ్లు ఇక్కడ లేవు. పాయింటర్ల ముందు నువ్వు పెట్టిన 'ఫార్' అనే మాట ఈ కంపైలర్‌కు తెలియనే తెలియదు. వాటిని కొట్టేయడానికి చేయి రాలేదు. డాస్ అయితే ఇవి, యునిక్స్ అయితే ఇవి అని రెండు భాగాలు చేసి, నీ వరుసలు అలాగే ఉంచి, కింద నావి రాశాను. ఆరు రోజులు పట్టింది.

ఏడో రోజు ఒక్క తప్పూ చూపకుండా కంపైల్ అయింది. సంతోషంగా నెమలి చద్దర్ డిజైన్ అచ్చు వేశాను... నెమలి ముక్కలు ముక్కలుగా వచ్చింది.

మరో అయిదు రోజులు వెతికాను. దొరకలేదు. అప్పుడు నాకొక పాడు ఆలోచన వచ్చింది. అక్కే ఎక్కడో తప్పు రాసిందేమో, డాస్‌లో ఎలాగో నెట్టుకొచ్చిందేమో అని. నీతో చెప్పకుండా ఉండలేకపోతున్నాను. నిన్ను అనుమానించాను.

ఆ సాయంత్రం నెమలి అచ్చు కాగితం ఇంటికి తెచ్చి అమ్మ బీడీల చాట పక్కన పడేశాను. నువ్వు పోయినప్పటి నుంచి బాపు నీ పేరు ఎత్తడం లేదు. కార్ఖానాలో కంప్యూటర్ గది మెట్లు కూడా ఎక్కడం లేదు. ఆ రోజు మాత్రం కాగితం తీసుకుని గుమ్మంలో వెలుతురుకు పట్టుకున్నాడు. నాలుగేళ్లు నీ కాగితాలు చూసే కదా ఆయన అట్టలకు చిల్లులు కొట్టింది... ఒక్కో చుక్క మీద గోరు పెట్టి చాలాసేపు లెక్కపెట్టాడు.

"సుజి లెక్క తప్పలే" అన్నాడు. "పదారు మంచిగున్నయి, పదారు ఖాళీ. మల్ల పదారు మంచిగున్నయి, మల్ల ఖాళీ. తప్పు రాస్తే గిట్ల వరుసగ తప్పుతదా, బిడ్డా?"

పదకొండు నెలల్లో నీ పేరు ఆయన నోట వినడం అదే మొదలు. చాట మీద అమ్మ చేయి ఆగిపోయింది.

పదహారు అనగానే నాకు తట్టింది. డాస్‌లో నీ 'ఇంట్' అనే లెక్క చోటు పదహారు బిట్లది, ఒక్కో బిట్ ఒక్కో చుక్క. కొత్త దాంట్లో ముప్పై రెండు. నువ్వు పదహారే నింపుతున్నావు. మిగిలిన పదహారూ ఖాళీగా అచ్చులోకి వచ్చేస్తున్నాయి. పొద్దున్నే వెళ్లి హెడర్‌లో ఒక్క చోట 'ఇంట్' బదులు ఇక్కడ పదహారు బిట్లుండే 'షార్ట్' అని రాశాను. అంతే అక్కా... నెమలి మెడ నుంచి తోక దాకా ఎక్కడా తెగకుండా వచ్చింది.

అట్టలు బాపే కొట్టాడు. ఇంకెవరినీ ముట్టనివ్వలేదు. చద్దర్ నేస్తుంటే సాంచా పక్కనే నిలబడ్డాడు. నెమలి సగం వచ్చేసరికి బట్ట మీద చేయి వేసి, తర్వాత బయటికి పోయి నల్లా కింద ముఖం కడుక్కున్నాడు. ఎంతసేపటికీ లోపలికి రాలేదు. నేను వెళ్లి పక్కన నిలబడ్డాను.

పుణె మాట సేటు మళ్లీ ఎత్తలేదు. ఫైలు పైన రాసినవారు అన్న చోట నీ పేరే ఉంది. ఉంటుంది కూడా.

ఒక్కటి మాత్రం నాకు తెలియలేదు. హెడర్ చివర్లో, ప్రతి వరుసకూ మూడు చోట్లు ఎక్కువగా పెట్టుకున్నావు. ఎందుకో ఎక్కడా రాయలేదు. బాపును అడిగాను, ఆయనకూ తెలియదు. తీసి చూశాను... చద్దర్‌లో ఏ తేడా రాలేదు. ఏం ఆలోచించి పెట్టావక్కా? ఎవరిని అడగాలి?

మళ్లీ పెట్టేశాను. నేను ఈ కుర్చీలో ఉన్నన్నాళ్లు ఆ మూడింటినీ ఎవరినీ తీయనివ్వను.

నీ లల్లి