అక్కా, బొమ్మల సినిమా వచ్చింది

అక్కా,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. మంచిర్యాలకు కొత్త బొమ్మల సినిమా వచ్చింది.

గనిలో పైకప్పు కూలి బావ చనిపోయాక నువ్వు బొమ్మల సినిమాలు తప్ప మరేవీ చూడలేదు. "గా సినిమాలల్ల బండ మీద పడ్డా లేసి దులుపుకుంటరు రా" అనేదానివి. వాటిని కూడా ముందు నేను చూసి రావాలి. "పేపర్ల రాసేటోనివి, ఉన్నదున్నట్టు చెప్తవు. ఎవలన్న సస్తరా?" అని అడిగేదానివి. ఒకసారి ఒక్క ఉడుత మాత్రమే చనిపోతుందన్నాను. "ఉడుతైతేంది? దానికి అక్కచెల్లెండ్లు ఉండరా?" అని తొడిగిన చెప్పులు విడిచేశావు.

నీ తర్వాత నీ బిడ్డ ఏ సినిమాకూ పోలేదు. ఇవాళ పిలిస్తే, "ముందుగాల నువ్వు చూసి చెప్పు మామా" అంది.

మధ్యాహ్నం ఆటకు ఒక్కడినే వెళ్లాను. తేనెకుండతో ఎలుగుబంటి వాగులో పడింది. హాలంతా నవ్వింది. అది పైకి తేలేదాకా నేను నవ్వలేదు. కుండను నెత్తిన బోర్లించుకుని తేలింది.

బయటికి రాగానే ఫోన్ చేశాను.

"నిజంగనే ఎవలు సావరా, మామా?"

"ఎవలు సావరు బిడ్డా."

సాయంత్రం ఆటకు వస్తానంది.

ఎవరూ చనిపోరు అక్కా. నువ్వు చూడదగ్గ సినిమానే.