పదిహేడో నంబరు దగ్గర ఏముందో వచ్చి చూడండి

ఎనర్జీ మేనేజర్ సర్టిఫికెట్ల మండలి కార్యదర్శి గారికి,
సాంతో డొమింగో.

అయ్యా,

విషయం: నా ఆడిట్ నివేదిక "కాపీ" అని తమరు తిరస్కరించుట గురించి.

1. నేను ఎల్బిన్ మాతెయో, చక్కెర మిల్లులో బాయిలర్ కార్మికుణ్ణి. ఎనిమిదో తరగతితో చదువు ఆపేసినవాణ్ణి. పుస్తకాలు అడుక్కుని చదివి తమరి రాతపరీక్ష పాసయ్యాను. మిగిలింది ఆడిట్ నివేదిక ఒక్కటే.

2. మా ఆవిరి పైపుల మీది ట్రాపులకు నలభై ఒక్క నంబర్లు. నీళ్లని వదిలి ఆవిరిని ఆపడం వాటి పని. పొడుగాటి స్క్రూడ్రైవర్ కొన ట్రాపుకి ఆనించి, పిడి చెవికి పెట్టుకుంటే దాని జబ్బు వినబడుతుంది. ఇది నాకు మా పెద్ద మేస్త్రి డోన్ సెనోన్ నేర్పాడు. అలా నలభై ఒక్క నంబర్లూ తిరిగి విని నోటుపుస్తకంలో రాసుకున్నాను. జనవరిలో మా మిల్లు ఇంజనీరు బాల్కాసర్ గారు "చూసి ఇస్తాలేరా" అని పట్టుకెళ్లారు. ఫిబ్రవరిలో అదే ఆయన నివేదికగా తమరికి చేరింది, సర్టిఫికెట్టూ వచ్చింది. ఏప్రిల్‌లో పుస్తకం తిరిగి తీసుకుని నేను పంపితే నేను దొంగనయ్యాను. అడిగితే ఆయనన్న మాట: "స్క్రూడ్రైవర్ చెవిలో పెట్టుకునేవాడికి సర్టిఫికెట్ దేనికిరా? ముందు చెవులు కడుక్కో."

3. రుజువు తమరే పంపారు. తిరస్కరణ ఉత్తరానికి జతచేసిన ఆయన నివేదికలో 17వ ట్రాపు: "వేడి 164 డిగ్రీలు, బాగా పనిచేస్తోంది." అయ్యా, 17 దగ్గర ట్రాపు లేదు. మూడేళ్ల కిందట అది పగిలే డోన్ సెనోన్ పోయాడు. పైపు మూసేశారు. గోడమీద సిలువ గీశాం. నంబరు మాత్రం తీసెయ్యలేదు. అక్కడికి రాగానే గోడని ఒకసారి తట్టి ముందుకెళ్తాం. అందుకే నా పుస్తకంలో "17, శబ్దం లేదు" అని రాసుకున్నాను. ట్రాపు లేదని రాయకపోవడం నా తప్పే. మా దగ్గర అది ఎవరికీ చెప్పక్కర్లేదు. శబ్దం లేదంటే ట్రాపు బాగుందనుకుని ఆయన ఆ సిలువకి వేడి కొలిచాడు!

4. నా పుస్తకంలో 23 ఎదురుగా "లోపల సుత్తి మోత, లైను వెంటనే ఆపాలి" అని ఉంది. ఆయన నివేదికలో "బాగుంది" అని ఉంది. చెరకు క్రషింగ్ సీజన్‌లో లైను ఆపితే యజమానులు ఒప్పుకోరు. సర్టిఫికెట్ ఉన్నవాడు సంతకం పెడితేనే అది ఆగుతుంది. ఆ పైపు కింద పనిచేసే ఎర్మెలిందా అక్క రోజూ అడుగుతుంది:

"ఒరేయ్ ఎల్బిన్, నీ కాగితం వచ్చిందా? ఇది నా నెత్తిమీద దగ్గుతోందిరా."

"ఇంకా రాలేదక్కా."

"అయితే నువ్వే దీనికి నచ్చచెప్పు, కాగితం వచ్చేదాకా ఓపిక పట్టమని."

5. కావున తమరు స్వయంగా వచ్చి 17 మీద చెయ్యి పెట్టి చూసి, ఎవరు కాపీ కొట్టారో తేల్చి, నా సర్టిఫికెట్ నాకు ఇప్పించి, 23ని ఆపే సంతకం నా చేత పెట్టించ ప్రార్థన. ఇది చిత్తగించవలెను. చిత్తగిస్తూ కూర్చోక, బయల్దేరవలెను.

ఇంకా కోపం చల్లారని తమ విధేయుడు,
ఎల్బిన్ మాతెయో

తా.క. కవరు అంటించాక మళ్లీ చింపాను. ఇవాళ పొద్దున పదింటికి 23 పగిలింది. ఎర్మెలిందా అక్క ఆసుపత్రి దాకా కూడా దక్కలేదు. నా సంతకం ఇక అక్కర్లేదు, లైను దానంతటదే ఆగింది. అయినా రండి. 23ని కూడా లెక్కలోంచి తీసెయ్యం. రేపట్నుంచి గోడని రెండుచోట్ల తడతాం.