ఎముక దాటని ధ్వని

మార్చి 3
అక్క స్కాన్ మా ల్యాబ్‌కి వచ్చింది. సొంతవాళ్లది కదా, వేరేవాళ్లకిస్తానన్నారు డాక్టరుగారు. నేనే చేస్తానని పట్టుబట్టాను.

అక్క టైలర్. రెండేళ్లుగా కుడిచేయి వణుకు. సూదిలో దారం ఎక్కించలేకపోతోంది. మందులు పనిచేయలేదు. ఇక మిగిలింది ఇదే: కోత లేకుండా తల బయటినుంచి ధ్వని తరంగాలు పంపి, మెదడులో వణుకు పుట్టించే చుక్కను వేడితో మాడ్చేస్తారు. పుర్రె దాటి ఎంత ధ్వని లోపలికి వెళ్తుందో ముందే కంప్యూటర్‌లో లెక్కగట్టడం నా ఉద్యోగం.

మార్చి 5, మధ్యాహ్నం 3
చుక్క దగ్గర నలభై ఏడు డిగ్రీలు. కావాల్సింది యాభై అయిదు. పవర్ పెంచితే ముందు ఎముక కాలుతోంది.

మార్చి 9
మళ్లీ అదే.

మార్చి 12
సీనియర్ వచ్చి చూశాడు. మోడల్‌లో తప్పేం లేదన్నాడు. ఎముక మధ్యలో స్పాంజిలా ఉంది, ధ్వనినంతా అదే మింగేస్తోందన్నాడు. నాకు తెలియదా?

సాయంత్రం అక్క ఫోన్. ఏమైందే అంది. ఇంకా రన్ అవుతోందన్నాను.

మార్చి 13
ఎముక ధ్వనిని ఎంత పీల్చుకుంటుందో చెప్పే విలువ ఒకటుంది. అందులో ఒక్క అంకె తగ్గించాను. యాభై ఆరు డిగ్రీలొచ్చింది. ఎముక చల్లగా ఉంది. రిపోర్ట్ పంపేశాను.

మార్చి 17
ఇరవై నాలుగున చేస్తామన్నారు. అక్క అప్పుడే నలభై స్కూలు యూనిఫారాలు ఒప్పుకుందట. నిద్రలో కూడా కొలతలు చెబుతోందని బావ నవ్వాడు. మా చెల్లి ఉందిగా, అంతా అదే చూసుకుంటుందని అక్క వీధంతా చెబుతోందట.

పంపిన రిపోర్ట్ మళ్లీ తెరిచి చూశాను.

మార్చి 19
డాక్టరుగారి గదికి వెళ్లి, అంకె మార్చానని చెప్పేశాను. ఆయన అరవలేదు. కళ్లజోడు తీసి బల్లమీద పెట్టారు. తల కాలుతుంటే మీ అక్క ఎవరికి చెప్పుకునేదమ్మా అన్నారు. ఇరవై నాలుగున చేయడం లేదన్నారు. నన్ను రేపట్నుంచి రావద్దన్నారు.

అక్కకీ నేనే చెప్పాను. చాలాసేపు చేతుల వంక చూసుకుంది. కాలితే కాలేది, నా తలే కదా అంది. ఎలాగూ మార్చావు, నోరు మూసుకుని ఉండలేకపోయావా అంది.

మార్చి 28
అక్క మాట్లాడటం లేదు. యూనిఫారాల గుడ్డ బావే తిరిగిచ్చి వచ్చాడు.

ఏప్రిల్ 2
అక్క దుకాణానికి రమ్మంది. షట్టర్ దించి ఉంది. అక్క చేతిలోని తాళంచెవి రంధ్రంలోకి పోవడం లేదు. నువ్వే వెయ్యి అంది.

వేశాను.