నువ్వు చెప్పని పైతేట

నాన్నా,

ఎల్లుండి నీ సంవత్సరీకం. ఈ పొద్దున్న మన జంగ్లీఘాట్ ఇంటి పెరట్లో అమ్మ విరిగిన కమ్మలు శుద్ధి చేద్దామని కూర్చున్నాను. బంగారం యాసిడ్‌లో కరిగాక, నువ్వు నేర్పినట్టే, కరగకుండా మిగిలిన తెల్లటి మడ్డితో సహా గరాటులోని వడపోత కాగితంలో పోశాను. ఎప్పటిలాగే కాగితం మూసుకుపోయి చుక్క కూడా దిగలేదు.

సంవత్సరీకం ఏర్పాట్లు మాట్లాడటానికి డాలీగంజ్ నుంచి వచ్చిన, మన బంగారం కొట్లో నీ శిష్యుడు సింహాచలం అది చూసి కంగారుపడ్డాడు.

"అరె దీదీ, అలా పోసెత్తారేటి? కదపకుండా వదిలేత్తే మడ్డి అడుక్కి దిగిపోద్ది. ముందు పైతేట వంపాలి, మడ్డి ఆఖర్న. బాబుగారు మాకు మొదటిరోజే సెప్పీసినారు."

"నాకు చెప్పలేదే!"

అతను తల దించుకున్నాడు. "మీకు సెప్పొద్దనీవోరు దీదీ. పనొచ్చేత్తే కొట్టు అడుగుద్దనీవోరు."

పదేళ్ళ పాటు నా ముందు కాగితాలు మూసుకుపోతుంటే, "ఇది నీ చేతికి రాదులేవే" అని నవ్వేవాడివి. నేనూ నిజమే అనుకున్నాను. అందుకే నువ్వు కొట్టు తమ్ముడికిస్తానన్నప్పుడు మారు మాట్లాడకుండా సంతకం పెట్టాను.

అంతా మళ్ళీ పాత్రలోకి పోసి ఆగాం. మధ్యాహ్నానికి మడ్డి అడుక్కి చేరింది. కొత్త కాగితంలో పైతేట మెల్లగా వంపాను. పసుపుపచ్చగా, తేటగా, ధారగా దిగింది.

"మీది అచ్చం బాబుగారి చెయ్యే దీదీ" అన్నాడు సింహాచలం.

ఆ మాట కోసం చిన్నప్పటినుంచీ ఎదురుచూశాను నాన్నా. ఇవాళ మాత్రం, ఇంకెప్పుడూ అలా అనొద్దని అతనికి చెప్పాను.